జెర్సీపై లోగో నిలవాలంటే ముందు బట్టను చూడాలి

2025 సెప్టెంబర్ 10న దుబాయ్‌లో యూఏఈతో ఆసియా కప్ తొలి మ్యాచ్ ఆడిన భారత క్రికెట్ జట్టు జెర్సీలపై ప్రకటనదారు పేరు లేదు. అంతకు మూడు వారాల ముందే ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు పార్లమెంటు ఆమోదం పొందింది. డబ్బు పెట్టి ఆడే ఆటలపై నిషేధం పడడంతో, 2023 నుంచి జట్టు ఛాతీపై కనిపిస్తూ వచ్చిన డ్రీమ్ ఎలెవన్ తప్పుకుంది. అపోలో టైర్స్‌తో కొత్త ఒప్పందాన్ని బీసీసీఐ సెప్టెంబర్ 16న, టోర్నీ నడుస్తుండగానే ప్రకటించింది. అయినా చివరి మ్యాచ్ దాకా జట్టు ఆ ఖాళీ జెర్సీలతోనే ఆడింది.

క్రికెట్ చూసేవారికి ఇదొక వ్యాపార వార్త. జెర్సీలు తయారుచేసేవారికి, చేయించుకునేవారికి ఇందులో మరో సంగతి ఉంది. ప్రకటనదారు పేరును బట్ట రంగులోనే కలిపి అచ్చు వేసి ఉంటే, ఆ పేరు పోయిన రోజున జెర్సీ మొత్తం పనికిరాకుండా పోతుంది. కుట్టు పూర్తయ్యాక వేడితో అతికించే పద్ధతి అయితే, అతికించకుండా ఆపేస్తే చాలు. లోగోను దేనితో చేయాలి, ఎలా అంటించాలి అన్నది అందానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఆ పేరు ఎన్నాళ్లు ఉండాలి, ఏ బట్ట మీద ఉండాలి, ఆ బట్టను ఎవరు ఎలా ఉతుకుతారు అన్నవి తేలితే గానీ దానికి జవాబు దొరకదు.

జాతీయ జట్టుకు ఆటగాడికి పది జెర్సీలు ఇవ్వగలిగే సంస్థలు ఉంటాయి. సంక్రాంతి కబడ్డీ పోటీలకు వెళ్లే ఊరి జట్టుకు, జిల్లా స్థాయి హాకీ ఆడే కాలేజీ పిల్లలకు ఏడాదికి ఒక్క జత దొరకడమే గొప్ప. దాత ఇచ్చిన డబ్బుతో కుట్టించిన జెర్సీ మీద ఆ దాత పేరే మూడో ఉతుక్కి పొరలుగా ఊడిపోతే, వచ్చే ఏడాది ఆయన ఇంటికి వెళ్లడానికి ముఖం చెల్లదు. సరైన పద్ధతి ఎంచుకోవలసిన అవసరం పెద్ద జట్లకంటే ఇలాంటి చిన్న జట్లకే ఎక్కువ.

పాలిస్టర్‌తో వచ్చే చిక్కు

నేటి ఆట దుస్తుల్లో అత్యధికం పాలిస్టర్ అల్లిక బట్టలే. చదరపు మీటరుకు సుమారు 120 నుంచి 160 గ్రాముల బరువుండే ఈ బట్ట చెమటను పీల్చి నిలవ ఉంచుకోదు, పైపొరకు చేర్చి ఆరనిస్తుంది. నూలు బట్ట చెమటను తాగి బరువెక్కుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఆడేవారికి ఈ తేడా చెప్పనక్కర్లేదు.

అయితే పాలిస్టర్‌కు రంగు వేసే తీరులోనే లోగోకు ఒక గండం పొంచి ఉంది. నూలుకు వాడే రంగులు పాలిస్టర్‌కు పట్టవు. దీనికి డిస్పర్స్ రంగులు కావాలి. అధిక వేడిలో ఇవి పోగు లోపలికి చొరబడి అక్కడ చిక్కుకుంటాయి. మళ్లీ వేడి తగిలితే అందులో కొంత భాగం ఆవిరై బయటికి వస్తుంది. ఆ దారిలో తెల్లటి లోగో ఉంటే దాంట్లోకి ఎక్కుతుంది. ఎర్ర జెర్సీ మీద తెల్ల అంకె గులాబీ రంగుకు తిరగడం, ముదురు నీలం మీద తెలుపు మసకబారడం ఇందువల్లే. దీన్ని పరిశ్రమలో రంగు వలస అంటారు. ఎరుపు, మెరూన్, ముదురు నీలం బట్టల మీద ఇది ఎక్కువ.

ఇందులో మోసం ఏమిటంటే, అచ్చు వేసిన రోజున అంతా బాగానే కనిపిస్తుంది. రంగు నెమ్మదిగా పైకి ఎక్కుతుంది. కొన్నిసార్లు కొన్ని గంటల్లో, కొన్నిసార్లు కట్టలు కట్టి గోదాములో పెట్టిన రెండు మూడు వారాలకు తేడా బయటపడుతుంది. అప్పటికి డబ్బు చెల్లించేసి ఉంటారు. దుకాణదారు బట్టదే తప్పంటాడు, బట్టల వ్యాపారి అచ్చు వేసినవాడి తప్పంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది.

విరుగుడు రెండు రకాలు. ఒకటి వేడి తగ్గించడం: తక్కువ ఉష్ణోగ్రతలోనే గట్టిపడే సిరాలు, అతుక్కునే జిగురు పొరలు ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి. రెండోది అడ్డుగోడ కట్టడం: లోగోకూ బట్టకూ మధ్య బూడిద రంగులోనో నలుపులోనో ఉండే అడ్డు పొర రంగు ఆవిరిని పైకి రానివ్వదు. లోగో వెనక వైపు తెల్లగా కాక ముదురుగా కనిపించే స్టిక్కర్లు చాలావరకు ఈ రకానివి. వీటి ధర కాస్త ఎక్కువ, మందం కూడా ఎక్కువే. ఎర్ర జెర్సీ మీద తెల్ల అంకెలు కావాలనుకునే జట్టు ఈ అదనపు ఖర్చు దగ్గర పిసినారితనం చూపకపోవడమే మంచిది.

బట్టలో కలిసిపోయే లోగో

డిస్పర్స్ రంగుల ఇదే గుణాన్ని శాపం నుంచి వరంగా మార్చుకున్న పద్ధతి సబ్లిమేషన్. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను ప్రత్యేక సిరాతో కాగితం మీద ముద్రిస్తారు. ఆ కాగితాన్ని తెల్ల పాలిస్టర్ మీద పెట్టి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిమిషంపాటు నొక్కుతారు. సిరా ద్రవంగా మారకుండానే ఆవిరై పోగుల్లోకి వెళ్లిపోతుంది. చేత్తో తడిమితే బట్ట తప్ప ఏమీ తగలదు. ఊడిపోవడానికి పొర అంటూ ఉండదు. గాలి ఆడుతుంది. చెమట ఆరుతుంది. పదిహేను మందికి పదిహేను పేర్లు, పదిహేను అంకెలు వేసినా అదనపు అచ్చులు అక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఊరి జట్ల జెర్సీలు గత కొన్నేళ్లలో రంగుల హరివిల్లుగా మారింది ఈ పద్ధతి వల్లే. ఫ్లెక్సీలు డిజైన్ చేసే కుర్రాళ్లే జెర్సీలూ డిజైన్ చేస్తున్నారు కాబట్టి, ఛాతీ మీద జట్టు గుర్తుతో పాటు వీపు మీద దాత నిలువెత్తు ఫొటో కూడా దర్శనమిస్తుంది. ఆటగాడి అంకె ఆ ఫొటోలో ఎక్కడ ఉందో వెతుక్కోవాల్సి రావడం అంపైర్ల కష్టం.

సబ్లిమేషన్‌కు మూడు పరిమితులు ఉన్నాయి. ఇది పాలిస్టర్‌కే పడుతుంది. నూలు టీషర్టు మీద వేస్తే ఒకటి రెండు ఉతుకులకే వెలిసిపోతుంది. రెండు, ఇందులో తెల్ల సిరా ఉండదు. బట్ట తెలుపే లోగో తెలుపు. అందుకే ముదురు రంగు బట్ట కొని దానిమీద లేత రంగు బొమ్మ వేయలేరు. తెల్ల బట్ట తీసుకుని చుట్టూ ఉన్న రంగు కూడా ముద్రించాలి. మూడు, వేసిన పేరు తీయలేరు. ప్రకటనదారు ఏడాదికొకరు మారే జట్టు ఒంటి రంగును, గీతలను సబ్లిమేషన్‌లో వేయించి, ప్రకటనదారు చోటును ఖాళీగా వదిలి తర్వాత అతికించుకోవడం తెలివైన పని. ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి భారత హాకీ జట్లకు అండగా ఉంటున్నట్టు, ఏళ్ల తరబడి ఒకే పేరు ఉండే చోట ఆ బెంగ ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సబ్లిమేషన్‌తో ముద్రించిన ముదురు రంగు మీద తెల్ల స్టిక్కర్ అతికించినప్పుడు రంగు వలస అన్నిటికంటే తీవ్రంగా ఉంటుంది. అక్కడ అడ్డు పొర ఉన్న రకం తప్పనిసరి.

కుట్టిన జెర్సీ మీద సబ్లిమేషన్ వేస్తే చంకల దగ్గర, కుట్ల వెంట మడతల్లో రంగు పడక తెల్ల చారలు మిగులుతాయి. ముక్కలుగా కత్తిరించిన బట్టకు ముందు అచ్చు వేసి తర్వాత కుట్టేవారిని ఎంచుకోవాలి. నమూనా జెర్సీ తెప్పించి చెయ్యి పైకెత్తి చూస్తే ఏ పద్ధతిలో చేశారో తెలిసిపోతుంది.

దారంతో చేసేది

ఎంబ్రాయిడరీకి ఉన్న గౌరవం వేరు. క్లబ్బు చిహ్నం దారంతో ఉబ్బెత్తుగా ఉంటే ఆ జెర్సీకి ఒక హోదా వస్తుంది. పాలిస్టర్ దారంతో చేసిన కుట్టు బట్ట చిరిగేదాకా రంగు పోదు, బ్లీచింగ్‌ను సైతం చాలావరకు తట్టుకుంటుంది. కాలరున్న మందపాటి టీషర్టులకు, ట్రాక్‌సూట్లకు, టోపీలకు, శిక్షకుల జాకెట్లకు దీన్ని మించింది లేదు.

పలుచటి ఆట జెర్సీ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. అరచేతి వెడల్పు చిహ్నానికి వేల కుట్లు పడతాయి. సాగే అల్లిక బట్ట ఆ కుట్ల బిగువుకు చుట్టూ ముడతలు పడుతుంది. ముడత పడకుండా వెనక గట్టి కాగితం లాంటి ఆధారం వేస్తారు. అది చెమటకు తడిసి ఛాతీకి గరుకుగా రాసుకుంటుంది. దూరపు పరుగు పందెం ఆడేవారిని అడిగితే ఛాతీ ఒరుసుకుపోయి మండడం అంటే ఏమిటో చెబుతారు. పైగా అయిదు మిల్లీమీటర్ల కంటే చిన్న అక్షరాలు దారంలో ముద్దగా తయారవుతాయి. తెలుగు అక్షరాల తలకట్లు, వత్తులు, గుడులు ఉన్న పేరైతే ఇంకా పెద్దదిగా వేయాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయిన కొలతలో తెలుగు పేరు ఇస్తే 'క్ష'కూ 'క్క'కూ తేడా దొరకదు. ఎంబ్రాయిడరీ ధరను కుట్ల లెక్కన కడతారు కాబట్టి, నిండుగా రంగు పరిచిన లోగో కంటే గీతలతో తేల్చిన లోగో చవకగానూ, మెత్తగానూ వస్తుంది.

మధ్యేమార్గం నేత బిళ్ల. సన్నని దారాలతో మరమగ్గం మీద నేసిన ఈ బిళ్లలో చిన్న అక్షరాలు కూడా స్పష్టంగా వస్తాయి. దీన్ని కుట్టడమో, వెనక జిగురుతో అతికించడమో చేస్తారు. పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు అభిమానులకు అమ్మే మామూలు జెర్సీలపై ఎంబ్రాయిడరీ లేదా నేత చిహ్నం, ఆటగాళ్లు వేసుకునే రకంపై వేడితో అతికించిన తేలికైన చిహ్నం ఉండడం సాధారణం. ఖరీదైన రకం మీద దారం పని ఉంటుందనుకుని కొన్నవారు దాన్ని చూసి నకిలీ అనుకోవడమూ జరుగుతుంటుంది. అభిమాని జెర్సీ వందసార్లు ఉతకాలి, ఆటగాడి జెర్సీ తొంభై నిమిషాలు తేలికగా ఉండాలి. రెండిటి పనీ వేరు.

జట్టు చిహ్నమే మారిపోయే సందర్భాలూ ఉంటాయి. 2024 జూన్ 29న టీ20 ప్రపంచకప్ గెలిచాక భారత టీ20 జెర్సీలో బీసీసీఐ చిహ్నం పైన రెండో నక్షత్రం చేరింది. ఇలాంటప్పుడు దారంతో కుట్టిన చిహ్నాన్ని విప్పితే సూది రంధ్రాలు మిగులుతాయి. కొత్త జెర్సీలు చేయించడం తప్ప దారి లేదు.

వేడితో అతికేవి

మన దుకాణాల్లో అన్నిటినీ కలిపి 'స్టిక్కర్' అనేస్తారు గానీ ఇందులో చాలా జాతులున్నాయి. పాలీయూరిథేన్ పలక నుంచి యంత్రంతో కత్తిరించి హీట్ ప్రెస్‌తో అంటించేది అంకెలకు, పేర్లకు బాగా నప్పుతుంది. ఒక్క జెర్సీకైనా అప్పటికప్పుడు వేయవచ్చు. జట్టులోకి చివరి నిమిషంలో వచ్చిన ఆటగాడికి ఇదే దిక్కు. సిలికాన్ అచ్చులు బట్టతో పాటు సాగుతాయి, పగుళ్లు తక్కువ, వేడిని తట్టుకుంటాయి, ధర ఎక్కువ. పెద్ద సంస్థల జెర్సీల మీద ఉబ్బెత్తుగా, రబ్బరులా మెత్తగా తగిలే గుర్తులు సిలికాన్‌వో, అచ్చులో పోసిన థర్మోప్లాస్టిక్ పాలీయూరిథేన్‌వో అయి ఉంటాయి.

ఇటీవల చిన్న పట్టణాల దాకా పాకింది డీటీఎఫ్. ఫిల్మ్ మీద రంగులు, వాటి మీద తెల్ల సిరా ముద్రించి, జిగురు పొడి చల్లి కరిగించి, ఆ ఫిల్మ్‌ను బట్ట మీద నొక్కుతారు. నూలు, పాలిస్టర్, ఏ రంగైనా సరే. ఎన్ని రంగులున్నా ఒకటే ఖర్చు. నాలుగైదు జెర్సీలు కావలసినవారికి ఇది నిజంగా మేలు చేసింది. కానీ పెద్ద బొమ్మ వేయిస్తే ఛాతీ మీద ప్లాస్టిక్ రేకు కట్టుకున్నట్టే ఉంటుంది. జిగురు పొడి సరిగా కరగకపోతే అంచుల నుంచి లేస్తుంది. సాగదీసినప్పుడు సన్నని పగుళ్లు వస్తాయి. చిన్న లోగోలకు డీటీఎఫ్, వీపు నిండా ఉండే అంకెకు కాదు అన్నది పనికొచ్చే గీటు.

పెద్ద అంకెలు పొరగా అతికించక తప్పనప్పుడు వాటిలో చిన్న రంధ్రాలు కొట్టిన రకం దొరుకుతుంది. ఫిఫా నిబంధనల ప్రకారం వీపు మీది అంకె 25 నుంచి 35 సెంటీమీటర్ల ఎత్తుండాలి. రెండంకెల సంఖ్య అయితే వీపులో పెద్ద భాగానికి గాలి అందదు. చెమట ఎక్కువగా పట్టే చోటు కూడా అదే.

మెరుపు విషయంలో ఒక్క మాట. నిగనిగలాడే పొర దుకాణంలో ఆకర్షిస్తుంది. ఫ్లడ్‌లైట్ల కింద అదే అద్దంలా తళుక్కుమని అంకెను చదవనీయదు. టీవీలో, ఫొటోల్లో పేరు కనబడాలనుకునే ప్రకటనదారు మెరుపు లేని పొరనే అడగాలి.

స్క్రీన్ ప్రింటింగ్ ఇంకా చావలేదు. రంగుకో అచ్చు చేయాలి కాబట్టి యాభై, వంద జెర్సీలకు ఒకే బొమ్మ అయినప్పుడు గిట్టుబాటు అవుతుంది. నూలు టీషర్టులు వాడే పాఠశాలలకు ఇప్పటికీ ఇదే చవక. ఇందులో ఎక్కువగా వాడే ప్లాస్టిసాల్ సిరా పీవీసీతో తయారవుతుంది. దాన్ని మెత్తబరచడానికి కలిపే థాలేట్లపై యూరప్‌లో కఠిన పరిమితులు ఉన్నాయి. అందుకే ఎగుమతుల మీద బతికే తిరుప్పూర్, ఢాకా కర్మాగారాలు నీటి ఆధారిత సిరాలు, సిలికాన్ వైపు జరగాల్సి వచ్చింది. పిల్లల జెర్సీలు చేయించేవారు థాలేట్లు లేని సిరా కావాలని ఇక్కడా అడగవచ్చు. అడిగితే దొరుకుతుంది.

వేడి, ఒత్తిడి, సమయం

వేడితో చేసే ఏ పద్ధతికైనా హీట్ ప్రెస్ మీద ఈ మూడు అంకెలే ప్రాణం. వేడి తక్కువైతే జిగురు పట్టదు. ఎక్కువైతే బట్ట మీద చతురస్రాకారంలో మెరుపు మచ్చ పడుతుంది, పోగు బలహీనపడుతుంది. 2016 యూరో కప్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ ఆటగాళ్ల జెర్సీలు వరసగా చిరిగిపోయాయి. తయారీ సంస్థ ప్యూమా ఇచ్చిన వివరణలో, ఒక విడత బట్టలో నూలుపోగులు తయారీలో దెబ్బతిన్నాయని, వేడి, ఒత్తిడి, సమయం సరిగా అదుపు చేయకపోతే అలా జరగవచ్చని చెప్పింది. అక్కడ తప్పు లోగోది కాదు. అంత పెద్ద సంస్థకే ఈ మూడిటి దగ్గర పట్టు తప్పినప్పుడు, ఉష్ణోగ్రత మీటరు సరిగా పనిచేయని పాత యంత్రంతో పనిచేసే దుకాణంలో ఏమవుతుందో ఊహించవచ్చు.

ఆట స్వభావం కూడా చూడాలి. కబడ్డీలో ఒంటికి ఒళ్లు రాసుకుంటుంది, మ్యాట్ మీద ఈడ్చుకుపోతారు. అంచు ఉన్న ఏ బిళ్లయినా లేస్తుంది. అక్కడ సబ్లిమేషన్‌కే ఓటు. టెస్టు క్రికెట్ తెల్ల జెర్సీలకు రంగు వలస బెడద లేదు. 2019 ఆగస్టు 1న మొదలైన యాషెస్ సిరీస్‌తో టెస్టు జెర్సీల మీద పేర్లు, అంకెలు వచ్చినప్పుడు విమర్శ అంతా సంప్రదాయం గురించే తప్ప పనితనం గురించి కాదు. ఐసీసీ టోర్నీల్లో ఛాతీ మీద దేశం పేరుండాలి, ప్రకటనదారు భుజం పక్కకు చేతి మీదకు జరగాలి. ఒకే బట్టతో రెండు రకాల అమరికలు కావాలి కాబట్టి అక్కడ చివర్లో అతికించే పద్ధతికే మొగ్గు.

ఆర్డర్ ఇచ్చే ముందు

బల్ల మీద పరిచిన నమూనా చూసి నిర్ణయించడం దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు. అసలు బట్ట మీద, అసలు రంగు మీద ఒక్క జెర్సీ చేయించి అయిదుసార్లు ఉతికి చూడాలి. తెల్ల లోగో ఉంటే దాని మీద జెర్సీ బట్టనే మడిచి బరువు పెట్టి, వెచ్చటి చోట రెండు మూడు రోజులు ఉంచితే రంగు వలస కొంతవరకు ముందే బయటపడుతుంది. పెద్ద ఆర్డరైతే ప్రయోగశాల పరీక్షలు అడగవచ్చు: ఉతుకుకు ఐఎస్ఓ 105-సీ06, రాపిడికి ఎక్స్12, చెమటకు ఈ04. ఫలితాన్ని ఒకటి నుంచి అయిదు దాకా మెట్లలో ఇస్తారు, అయిదు మేలైనది. నాలుగుకు తగ్గకూడదని ఒప్పందంలో రాసుకోవాలి.

ప్రయోగశాలల్లో ఉతుకు యంత్రంలో జరుగుతుంది. మన ఇళ్లలో, హాస్టళ్లలో జెర్సీని రాత్రంతా సర్ఫు నీళ్లలో నానబెట్టి, పొద్దున బండ మీద బ్రష్షుతో రుద్ది, ఎండలో ఆరేసి, ఇస్త్రీ బండికి ఇస్తారు. బొగ్గుల ఇస్త్రీపెట్టెకు వేడి తగ్గించే మీట ఉండదు. పాలీయూరిథేన్ అంకె మీద అది ఒక్కసారి తిరిగితే అంకె కరిగి పెట్టెకే అంటుకుంటుంది. కాబట్టి నమూనాను పరీక్షించేటప్పుడు కూడా ఇలాగే ఉతికించాలి. పిల్లలకు జెర్సీ ఇచ్చేటప్పుడు లోపలివైపు తిప్పి చల్లటి నీళ్లలో ఉతకాలని, మెత్తబరిచే ద్రవాలు పోయొద్దని, నీడన ఆరేయాలని, పాలిస్టర్‌కు అసలు ఇస్త్రీ అక్కర్లేదని చెప్పాలి. ఈ నాలుగు ముక్కలు తెలుగులో మెడ వెనక లేబుల్ మీద ముద్రించమంటే సబ్లిమేషన్‌లో పైసా అదనం పడదు.

చివరగా, బిల్లుతో పాటు అడిగి తీసుకోవలసినవి రెండున్నాయి. ఒకటి, అతికించే రకమైతే నాలుగైదు అదనపు లోగోలు, అంకెల జతలు. ఇవి చల్లటి చోట మడతపెట్టకుండా దాచుకుంటే ఊడినప్పుడు పక్క వీధిలో హీట్ ప్రెస్ ఉన్నవాళ్లయినా అంటించి ఇస్తారు. రెండు, లోగో వెక్టర్ ఫైలు, వాడిన రంగుల సంఖ్యలు. దుకాణదారు మారినా, కుర్రాడు పని మానేసి వెళ్లిపోయినా, వచ్చే ఏడాది అదే ఎరుపు మళ్లీ రావాలంటే ఆ ఫైలు జట్టు దగ్గరే ఉండాలి. వాట్సాప్‌లో పంపిన ఫొటో దానికి పనికిరాదు.